రాయపూర్‌లో మోగిన మా ఊరి గంట

పదికి లోపు

రాయపూర్ ఎందుకు వెళ్ళావని అడిగిన వాళ్ళందరికీ నేను ఒకే జవాబు చెప్పాను, నా అభిమానిని చూడటానికని. అభిమానులను చూడటానికని అనలేదు. ఉన్నది ఒక్కరే.

విజయనగరంలో నాకో చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉంది. శుభలేఖలు, క్యాలెండర్లు, కరపత్రాలు వేస్తాం. శుభలేఖలు వాట్సాప్‌లోకి కాపురం మార్చేశాక, యాభయ్యో ఏట నేను వెబ్‌సైట్లు చెయ్యడం నేర్చుకున్నాను. దీనికో సాఫ్ట్‌వేర్ ఉంది. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, విప్పి లోపల ఏముందో చూడొచ్చు, తనకు తోచింది తయారుచేసి మళ్ళీ అందరికీ పంచొచ్చు. సత్రంలో భోంచేసినవాడు వెళ్తూ వెళ్తూ తనూ ఒక కూర వండిపెట్టి వెళ్ళడం లాంటిది.

నేను వండిపెట్టిన కూర పేరు పంచాంగం పెట్టె. మీ సైటులో తగిలించుకుంటే ఆ రోజు తిథి, నక్షత్రం, రాహుకాలం చూపిస్తుంది. ఆ పేజీ తెరిచి ఉంచితే పొద్దు పొడిచే వేళకు గుడిగంట కూడా మోగిస్తుంది. ఈ గంట పూర్తిగా నా సొంత ఊహ. మా అల్లుడితో సహా చూసినవాళ్ళంతా దాన్ని తీసెయ్యమన్నారు. నేను తియ్యలేదు.

ఇలాంటివన్నీ ఉంచే ఉమ్మడి జాబితా ఒకటుంది. ఒక్కోదాన్నీ ఎన్ని సైట్లు వాడుతున్నాయో దాని పక్కనే రాసి ఉంటుంది. నా పెట్టె పక్కన మూడేళ్ళుగా "పదికి లోపు" అని ఉంది. అందులో ఏడు నేను స్వయంగా పెట్టినవే, కొన్ని బతిమాలి, కొన్ని అడక్కుండా. ఎనిమిదోది మాత్రం రాయపూర్‌ది. నీలవేణి అనే ఆవిడ రేటింగులో ఐదు చుక్కలూ వేసి, "గంట చాలా బాగుంది" అని రాసింది. ఆ ఒక్క వాక్యాన్ని మంచి ఆర్టు పేపరు మీద అచ్చువేసి ప్రెస్సులో నా కుర్చీ వెనక అతికించుకున్నాను.

రాయపూర్‌లో ఈ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు నెలకో ఆదివారం కలుస్తారట. ఆ సభలు నడిపే దేవాంగన్ అనే ఆయనకు నీలవేణి గారు నా గురించి చెప్పారు. వచ్చి మాట్లాడమని ఆయన మెయిల్ పెట్టారు. దారిఖర్చులు ఇవ్వలేమనీ, సమోసాలు మాత్రం తప్పకుండా ఉంటాయనీ రాశారు. మా ఆవిడ ఆ మెయిల్ రెండుసార్లు చదివి, "రెండు సమోసాల కోసం పగలంతా రైల్లో కూర్చుంటారా?" అంది. నేను సంచి సర్దుకున్నాను.

రాయగడ దాటాక

కిటికీ పక్కన నా ఎదుటి సీటులో ఒక నర్సు కూర్చున్నారు. పుట్టిల్లు ఏలూరు, ఉద్యోగం రాయపూర్. రాయగడ దాటాక గోంగూర పచ్చడి, అన్నం మూట విప్పి నాకూ పెట్టారు. "అక్కడ పొద్దున్నే పళ్ళు తోముకోగానే జిలేబీ తింటారండి. మొదట్లో చూసి జాలిపడ్డాను. ఇప్పుడు నాకే ఆదత్ అయిపోయింది, మా ఆయనకి షుగర్ వచ్చింది" అన్నారు. ఆవిడ తెలుగులో గోదావరి ఎంత ఉందో హిందీ కూడా అంతే ఉంది. నాది హైస్కూలు హిందీ. టిట్లాగఢ్‌లో టీ అమ్మే ఆయన్ని "కృపయా ఏక్ చాయ్ ప్రదాన్ కీజియే" అని అడిగితే ఆయన నాకేసి భయంగా చూసి, పది రూపాయల టీ ఇచ్చి చిల్లర ఇవ్వకుండానే వెళ్ళిపోబోయాడు. నర్సుగారు గదమాయించి చిల్లర ఇప్పించారు.

రాయపూర్‌లో దిగేటప్పుడు డిసెంబరు చలి నా ఎముకల దాకా దిగింది. మా ఊళ్ళో స్వెట్టరంటే ఫొటోల్లో వేసుకునేది. నేను తెచ్చుకున్నదీ అలాంటిదే.

లాడ్జి మేడ మీద

శనివారం తెల్లవారకముందే లేచి లాడ్జి మేడ ఎక్కాను. నా ఉపన్యాసం కోసం ఒక నమూనా పేజీ చేసుకున్నాను. అందులో ఏ ఊరో ఎంచుకునే జాబితా తెరిచి రాయపూర్ ఎంచాను, రాయపూర్ వాళ్ళ ముందు రాయపూర్ సూర్యోదయానికి గంట మోగిస్తే ఎంత దర్జాగా ఉంటుందో చూసుకుందామని.

సరిగ్గా ఆరూ ఇరవై రెండుకు గంట మోగింది. ఫోను సౌండు పూర్తిగా పెంచి ఉంది. కింది అంతస్తులో మూడు కిటికీలు తెరుచుకున్నాయి. "అరే భాయీ, ఛత్ పే మందిర్ ఖోల్ దియా క్యా?" అని ఎవరో అరిచారు, మేడ మీద గుడేమైనా తెరిచారా అని. కోతిటోపీ పెట్టుకుని మేడ మీదే చేతులు ఊపుతూ కసరత్తు చేస్తున్న లాడ్జి మేనేజరు ఆగి, తూర్పుకేసి చూసి, నాకేసి చూసి, "సూరజ్ తో అభీ సో రహా హై, అంకుల్" అన్నాడు.

నిజమే. సూర్యుడింకా లేవలేదు. ఆరూ ముప్పై అయిదుకు ఎదురింటి నీళ్ళ ట్యాంకు వెనకనుంచి తీరిగ్గా వచ్చాడు. పదమూడు నిమిషాలు తేడా.

గదికి పరుగెత్తి పెట్టె లోపల విప్పి చూశాను. మొట్టమొదట పరీక్ష కోసం మా ఊరి అక్షాంశ రేఖాంశాలు రెండు వరసల్లో రాసిపెట్టుకున్నాను, తరవాత తీసేద్దామని. మూడేళ్ళయినా తియ్యలేదు. ఊరు ఎంచుకోమని అందమైన జాబితా పెట్టాను కదా, కాశీ, కాకినాడ, రాయపూర్ అన్నీ ఉన్నాయి. ఏది నొక్కినా సూర్యుడు మాత్రం విజయనగరంలోనే పొడిచేవాడు. నేనెప్పుడూ మా ఊరు దాటి దాన్ని చూడలేదు కనుక నాకెప్పుడూ తప్పు కనబడలేదు.

మంచం మీద కూలబడ్డాను. నీలవేణి గారి సైటు రాయపూర్‌లో ఉన్న తెలుగు కుటుంబాలన్నీ చూసేది. మూడేళ్ళుగా వాళ్ళు విజయనగరం రాహుకాలం చూసుకుని, అయిపోయిందనుకుని, సరిగ్గా రాయపూర్ రాహుకాలం చివరి పది నిమిషాల్లో గడప దాటుతున్నారన్నమాట. ఎన్ని పెళ్ళిచూపులు, ఎన్ని ఇంటర్వ్యూలు! రేపు సభలో ఆవిడ ఇది పట్టుకుంటే, నాకున్న ఒకే ఒక్క అభిమాని అందరి ముందూ నా పెట్టెను పీకి పారేస్తుంది.

నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. ఎవరికీ చెప్పకుండా ఆ రెండు వరసలూ తీసేసి, కొత్త ప్రతి పైకి పంపేశాను. వాడేవాళ్ళ సైట్లలో అది దానంతటదే మారిపోతుంది. ఏం మార్చామో ఒక ముక్క రాయాలి. మా వృత్తిలో ఇల్లు కూలిపోయి మళ్ళీ కట్టినా రాసే మాట ఒకటే. నేనూ అదే రాశాను, "చిన్న చిన్న మెరుగుదలలు" అని. తరవాత కిందికి దిగి పోహా, జిలేబీ తిన్నాను. రెండూ కలిపి ముప్పై రూపాయలు. మన అటుకుల ఉప్మాకు పెళ్ళిబట్టలు తొడిగితే పోహా అవుతుంది. పాపం కడుక్కున్న సంతోషంలో జిలేబీ ఇంకోటి అడిగాను.

ఉర్లా

మధ్యాహ్నం దేవాంగన్ స్కూటరు మీద వచ్చారు. నలభై ఏళ్ళ మనిషి, మోవా పేటలో కంప్యూటరు శిక్షణ కేంద్రం నడుపుతారు. "జయ్ జోహార్" అని ఇక్కడి పలకరింపుతో చెయ్యి కలిపి, "మా సభ్యుడి సైటు ఒకటి చూపిస్తాను, అది చూస్తే కానీ మా సంఘం మీకు అర్థం కాదు" అన్నారు హిందీలో.

ఉర్లా రాయపూర్ పారిశ్రామికవాడ, ఎటు చూసినా ఇనుమే. రోడ్డుకు రెండువైపులా కడ్డీలు, రేకులు, వెల్డింగు మెరుపులు. అక్కడ గేట్లూ గ్రిల్లూ చేసే యజమాని ఒకాయన తన సైటు తనే చేసుకున్నారు. దానికోసం ఉచితంగా దొరికిన ఒక రెడీమేడ్ సైటు అలంకారం, థీమ్ అంటారు, తెచ్చుకున్నారు. అది ఏ విదేశీ హోటలు కోసమో చేసింది. ఫొటోలన్నీ మార్చారు కానీ, పొడుగాటి తెల్లటోపీ పెట్టుకున్న వంటమాస్టరు బొమ్మ ఒకటి ఎలా తీసెయ్యాలో తెలియక వదిలేశారు. దాని కింద మాత్రం "మా ముఖ్య నిపుణుడు" అని రాశారు.

"ఇప్పుడు గిరాకీలు ఫోన్ చేసి, టోపీ సాబ్ ఉన్నప్పుడే వస్తామంటున్నారు" అన్నారాయన. "తీసేద్దామంటే భయంగా ఉంది. ఆర్డర్లు ఆయన మొహం చూసే వస్తున్నాయి."

నేను పడీపడీ నవ్వాను. తప్పు దిద్దుకోలేని మనిషిని చూసి నవ్వే అర్హత ఆ పూట నాకు ఉందనుకున్నాను. ఆయన భార్య ఫరా పెట్టారు. బియ్యప్పిండిని వేలంత పొడుగున చుట్టి ఆవిరి మీద ఉడికించి తాలింపు వేస్తారు. మా ఇంట్లో అయితే గుండ్రంగా చేసి వినాయకుడికి పెట్టేదాకా ముట్టుకోనివ్వరు. ఇక్కడ మామూలు శనివారం ఏ దేవుడి పూచీ లేకుండా తిన్నాను.

మోవా

సభ దేవాంగన్ శిక్షణ కేంద్రం మేడ మీది గదిలో. పదిహేను మంది ఉంటారు. ఒక స్కూలు గుమాస్తా, ఇద్దరు ఫొటోగ్రాఫర్లు, చీరల కొట్టు వదినా మరదళ్ళు, ఉర్లా ఆయన. మన దగ్గరైతే దీపం, దండలు, పరిచయ వాక్యాలకు గంట పట్టేది. ఇక్కడ వేరే ఆనవాయితీ. మాట్లాడేవాడు ఎవరైనా సరే, ముందు తను పాడుచేసినది ఒకటి ఒప్పుకోవాలి. అందరికంటే పెద్దది పాడుచేసినవాళ్ళకు చివర్లో ఒక జిలేబీ ఎక్కువ.

నా వంతు రాగానే, ఒకసారి ప్రెస్ సైటులో నా ఫొటో తలకిందులుగా పెట్టానని చెప్పాను. మర్యాదకు నవ్వారు. పెద్దది కడుపులో పెట్టుకుని చిన్నది ఒప్పుకోవడం ఇంత సులువా అనిపించింది. ఉపన్యాసం బాగానే సాగింది. నా హిందీ విని ఒక ఫొటోగ్రాఫరు మధ్యలో చేతులు కట్టుకుని నిటారుగా కూర్చున్నాడు, బడి గుర్తొచ్చిందేమో.

ప్రశ్నల వేళ వెనక వరసలో ఒకావిడ లేచింది. చీర మీద స్వెట్టరు, చేతిలో ఫోను, నలభై దాటిన మనిషి.

"నమస్తే అండీ. నీలవేణిని. గంట బాగుందని రాసింది నేనే."

నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"ఆ గంటని ఏటి సేసారు?"

గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టు, "నేనేం చెయ్యలేదే" అనేశాను.

"మూడేళ్ళ నించి టైముకి మోగింది. ఇయ్యాల బిల్కుల్ పదమూడు నిమిషాలు లేటు. మా అత్త సుబే నించి పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా కూకుంది."

దేవాంగన్ హిందీలో చెప్పమన్నారు. ఆవిడ చెప్పింది. ఆ తరవాత నా ప్రతి అబద్ధమూ రెండు భాషల్లో బయటపడింది. ముందు, ఫోనులో దాచుకున్న పాత పేజీ తుడిచెయ్యమన్నాను. మా వృత్తిలో ఏ రోగానికైనా మొదట రాసే మందు అదే. "తుడిసేసాను" అంది. ఫోను ఆపి మళ్ళీ వెయ్యమన్నాను. "ఏసాను" అంది. నెట్‌వర్క్ అయి ఉంటుందన్నాను. అది హిందీలోకి మారాల్సిన పని కూడా లేకపోయింది, గదంతా తల అడ్డంగా ఊపింది.

ఈలోగా దేవాంగన్ ఉమ్మడి జాబితాలో నా పెట్టె పేజీని గోడ మీద తెరకెక్కించారు. నిన్నటి తేదీ, దాని పక్కన "చిన్న చిన్న మెరుగుదలలు". తెలుగక్షరాలు చదివి ఆవిడ అర్థం చెప్పగానే పదిహేను మందీ ఒక్కసారి "ఓహో" అన్నారు. అందరూ ఆ బడిలో చదివినవాళ్ళే. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. రెండు వరసల సంగతి, మూడేళ్ళ సంగతి, లాడ్జి మేడ సంగతి మొత్తం చెప్పేశాను. చెబుతుంటే చెవులు కాలిపోయాయి.

నీలవేణి గారు అంతా విని, "అంటే మీరు తప్పు దిద్దారన్నమాట" అంది. "మాకు ఆ తప్పే కావాలండి."

అప్పుడు చెప్పింది. వాళ్ళ అత్త పైడమ్మ గారిది మా విజయనగరం పక్కనున్న నెల్లిమర్ల. రైల్వే వర్క్‌షాపులో పనిచేసే మనిషిని కట్టుకుని పెళ్ళికూతురుగా రాయపూర్ వచ్చింది. గడియారం చూడటం రాదు. వంటింట్లో ట్యాబ్ తెరిచి పెడతారు. గంట మోగగానే నెల్లిమర్లలో ఉన్న చెల్లెలికి ఫోన్ కొడుతుంది. పొద్దు పొడిచిందా అని ఈవిడ, పొడిచిందని ఆవిడ. అక్కడ నిజంగానే పొడిచి ఉంటుంది. ఇక్కడింకా చీకటి.

"విజయనగరం ఆయన కదా, విజయనగరం వోళ్ళ కోసమే సేసాడనుకున్నాం. ఇయ్యాల గంట లేటుగా మోగింది. ఈవిడ లేటుగా కొట్టింది. ఆ సెల్లి ఫోనెత్తనేదు. ఇప్పటిదాకా ఎత్తనేదు. ఏటయిందో తెలీదు. మా అత్త ఏడుస్తంది."

 "ఊరి జాబితాలో రాయపూర్ తీసి విజయనగరం పెట్టుకోండి, రేపట్నుంచి మామూలే" అన్నాను. ఆవిడ ఫోనులో కిందికి జరుపుతూ పోయింది.

"నేదండి."

"కిందికి చూడండి, వి దగ్గర."

"విజయవాడ ఉంది. విదిశ కూడా ఉంది. విజయనగరం నేదు."

వెళ్ళి చూశాను. లేదు. ఏ ఊరు ఎంచినా మా ఊరే వస్తుంటే, మా ఊరు ఎంచుకోవలసిన అవసరం మూడేళ్ళుగా ఎవరికీ రాలేదు. దేశంలో ఊళ్ళన్నీ రాసి నా ఊరు మరిచిపోయాను. గదిలో నవ్వు ఎంతసేపటికీ ఆగలేదు. ఉర్లా ఆయన లేచి వచ్చి నన్ను కౌగిలించుకున్నారు.

అక్కడే, పదిహేను మంది నా భుజాల మీదనుంచి చూస్తుండగా, విజయనగరం చేర్చి మళ్ళీ పంపాను, నీలవేణి గారి చేత దాన్నే ఎంపిక చేయించాను. మార్పుల ముక్క ఈసారి దేవాంగన్ దగ్గరుండి రాయించారు. "మూడేళ్ళుగా ఊరి జాబితా పనిచెయ్యలేదు. తప్పు నాది. ఇప్పుడు పనిచేస్తుంది. మా ఊరు కూడా చేర్చాను." అదనపు జిలేబీ నాకే ఏకగ్రీవంగా వచ్చింది. కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

నీలవేణి గారు మాత్రం నవ్వలేదు. "రేపు పొద్దున గంట టైముకి మోగాల. మోగనేదంటే పెట్టె తీసేస్తాను. మీరే వచ్చి సూసుకోండి" అని గుఢియారీ చిరునామా చెప్పి వెళ్ళిపోయింది. సాయంత్రం ఫోనులో ఒక ముక్క పంపింది, చెల్లెలు దొరికిందని. అప్పుడు అన్నం తిన్నాను.

గుఢియారీ

సోమవారం ఆరింటికి గుఢియారీ సందులో చీకటి, పొగమంచు, బొగ్గు కుంపటి వాసన. ఇంటి వెనకే రైలు పట్టాలు. వంటింట్లో పీట మీద శాలువా కప్పుకుని పైడమ్మ గారు, ఎదురుగా అలమర మీద ట్యాబ్. నన్ను ఎగాదిగా చూసి, "నువ్వేనేటి" అంది. కూర్చోమనలేదు.

ఆరూ ఇరవై రెండు. అప్పుడే ఒక గూడ్సు బండి వచ్చింది. గిన్నెలు గలగలలాడాయి, గోడ మీద క్యాలెండరు ఊగింది. బండికి డబ్బాలు ఎన్నున్నాయో అంతూ పొంతూ లేదు. గంట మోగినా వినబడదని నా ప్రాణం కొట్టుకుంటోంది.

"మోగింది" అంది పైడమ్మ గారు. నాకేమీ వినబడలేదు. నీలవేణి గారికీ వినబడలేదు. అత్తగారు అప్పటికే ఫోను నొక్కేసింది.

"అప్పా!" అని అవతల అక్కను పిలిచే చెల్లెలి గొంతు. ఫోను స్పీకరులో ఉంది.

"పొడిసిందేటి?"

"పొడిసింది."

నీలవేణి గారు గోడకు చేరబడింది. నేనూ చేరబడ్డాను.

"నిన్నెందుకే ఎత్తనేదు? ఏటయిపోనావు? మళ్ళీ సెప్పు" అంది పైడమ్మ గారు. నిన్న ఒకసారి విన్నదే, మళ్ళీ కావలసొచ్చింది.

"పది నిముషాలు సూసినానప్పా. నువ్వెప్పుడూ లేటు సెయ్యవు కదా. ఇంక నువ్వు పోనావనుకున్నాను. ఫోనక్కడే పడీసి, ఆటో కట్టుకుని విజయనగరం టేసనుకి ఎల్లిపోనాను. రాయపూర్‌కి టికెట్టు కూడా తీసీసినాను. బండి ఎల్లిపోయిందన్నారు. మద్దినేల దాకా టేసన్లోనే కూకుని ఏడిసినాను."

పైడమ్మ గారు పకపకా నవ్వింది. నవ్వుతూనే శాలువాతో కళ్ళు తుడుచుకుంది. "నాను పోతే ఎవులో ఒకలు సెప్తారే గుంటా. గంట సెప్తాదేటి!"

"ఎవులు సెప్పినా నాను నమ్మను. నీ ఫోను రాకపోతేనే నమ్ముతాను."

ఇంకో మూడు నిమిషాలు ఆగితే ఆ ఫోను మోగేది. ఎక్కడో ముక్కూమొహం తెలియని ఒక ముసలావిడను రైల్వే స్టేషన్లో కూర్చోబెట్టి ఏడిపించింది నా చిన్న చిన్న మెరుగుదలలు. నాకూ కళ్ళు తడిశాయి. అక్కాచెల్లెళ్ళు అప్పటికి వంకాయల ధరలోకి వెళ్ళిపోయారు.

పైడమ్మ గారు వేడివేడి చీలా వేయించి పెట్టించింది. బియ్యప్పిండి అట్టే, కాకపోతే టమాటా పచ్చడితో. నాలుగు తిన్నాను. వెళ్ళొస్తానని లేస్తే చెయ్యి పట్టుకుంది. "బాబూ, మంచోడివిలాగున్నావు. ఇంక దాన్ని బాగుసెయ్యకు" అంది.

ఇంటికి

నా పెట్టె పక్కన ఇప్పుడు "పదికి పైన" అని ఉంది. చీరల కొట్టు వాళ్ళు, ఫొటోగ్రాఫర్లిద్దరూ పెట్టుకున్నారు, ఉర్లా ఆయన టోపీ సాబ్ బొమ్మ కింద పెట్టుకున్నారు. కుర్చీ వెనకున్న ఐదు చుక్కల కాగితం కింద ఇంకో కాగితం అతికించాను. అందులో పైడమ్మ గారు చివర్లో అన్న మాట ఉంది.

మా ఇంట్లోనూ ఆ పేజీ తెరిచే ఉంటుంది. ఆ గంట ఆపి చావమని మూడేళ్ళు పోరిన మా ఆవిడ, నేనొచ్చి ఈ కథంతా చెప్పాక ఆ మాట మానేసింది. ఇప్పుడు పొద్దున గంట మోగగానే చేతిలో గరిటె ఆపుతుంది. కాసేపు ఆగి వంటింట్లోంచి అడుగుతుంది.

"ఎత్తిందంటారా?"

"ఎత్తే ఉంటుంది" అంటాను. అప్పుడు పోపు వేస్తుంది.